పండగ పూట పరాయి అతిథి

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు నవంబరు నాలుగో గురువారం వచ్చేసరికి ఒక చిక్కు వచ్చి పడుతుంది. కాలేజీ మూసేస్తారు. హాస్టలు ఖాళీ అయిపోతుంది. కొట్లు చాలావరకు తెరవరు. తోటి విద్యార్థులంతా సొంత ఊళ్ళకు బయలుదేరతారు. మన సంక్రాంతి రద్దీ ఎలా ఉంటుందో అక్కడ ఆ వారం రద్దీ అలా ఉంటుంది. ఎటూ వెళ్ళలేక మిగిలిపోయిన విదేశీ విద్యార్థిని ఏదో ఒక స్థానిక కుటుంబం భోజనానికి పిలుస్తుంది. ఆ పండగ పేరు థాంక్స్‌గివింగ్, అంటే కృతజ్ఞతలు చెప్పుకునే రోజు. నెల తిరిగేసరికి క్రిస్మస్ వస్తుంది. మళ్ళీ ఇంకో ఇంటి నుంచి పిలుపు.

ఇలా పరాయి ఇంట్లో పండగ భోజనం చేసి వచ్చిన తెలుగువాళ్ళు ఇవాళ ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. అడిగితే సాధారణంగా రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు. ఒకటి, వాళ్ళు చాలా మంచివాళ్ళు. రెండు, కూర చప్పగా ఉంది. రెండూ నిజమే కావచ్చు. కానీ పండగ పూట పరాయివాణ్ణి ఇంటికి పిలిచే ఈ ఆచారానికి ఒక పుట్టుక ఉంది. దానికి ఒక హద్దు కూడా ఉంది. ఆ హద్దు ఎక్కడ ఉందో చూద్దాం. చూశాక మన ఇంటి సంగతి కూడా కాస్త మాట్లాడుకుందాం.

అతిథిగా రావచ్చు, ఇంటివాడివి కాలేవు

మొదట ఒక తెలుగు విద్యార్థి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు 1895 లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో 1920ల మొదట్లో ఒక అక్టోబరు నెలాఖరున బోస్టన్‌లో ఓడ దిగారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడుగా చేశారు. తర్వాత ఆయన చేసిన పని మీకు తెలిసిందే. ఫోలిక్ ఆమ్లం, కేన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, బోదకాలు జబ్బుకు ఇప్పటికీ ఇస్తున్న డైఇథైల్‌కార్బమజైన్ మాత్ర, వీటన్నిటి వెనకా ఆయన, ఆయన బృందం ఉన్నారు.

ఆయన దిగిన బోస్టన్ మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది. థాంక్స్‌గివింగ్ కథ పుట్టిన ప్లిమత్ ఊరు కూడా ఆ రాష్ట్రంలోనే, బోస్టన్‌కు దక్షిణంగా అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆయన దిగిన నెలకే పండగ. అప్పటి చట్టం ఎలా ఉందో చూడండి. 1917 వలస చట్టం ఆసియాలో చాలా భాగం నుంచి మనుషులు వచ్చి స్థిరపడటాన్ని నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, భారతీయులు అక్కడి పౌరులు కావడానికి అర్హులు కారని తేల్చింది. అంతకు ముందే పౌరసత్వం పొందినవాళ్ళలో కొందరి దగ్గర దాన్ని వెనక్కి కూడా తీసుకున్నారు. 1946 జూలైలో వచ్చిన చట్టంతో ఈ తలుపు కొంచెం తెరుచుకుంది. ఎంత కొంచెమంటే, భారతదేశం మొత్తానికి ఏడాదికి వంద మందికి! సుబ్బారావు పాతికేళ్ళు ఆ దేశంలో పనిచేసి, పౌరసత్వం లేకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు.

చదువుకోవడానికి వచ్చినవాడు చదువు కాగానే వెళ్ళిపోతాడు. అందుకని అతనికి భోజనం పెట్టడంలో ఎవరికీ నష్టం లేదు. ఉండిపోతానన్నవాడి విషయంలోనే పేచీ వచ్చింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ముందు ముందు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఆ మొదటి విందులో ఎవరు ఎవరికి అతిథి?

అమెరికా పిల్లలు బళ్ళో చదువుకునే కథ ఇది. 1620 లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ఇంగ్లండు నుంచి వచ్చారు. మొదటి చలికాలంలోనే సుమారు సగం మంది చనిపోయారు. అక్కడి మూలవాసులు మొక్కజొన్న పండించడం నేర్పారు. 1621 శరత్కాలంలో పంట చేతికొచ్చాక అందరూ కలిసి విందు చేసుకున్నారు. అదే మొదటి థాంక్స్‌గివింగ్.

ఇందులో విందు జరిగిన మాట వాస్తవం. దాన్ని గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన ఆ ఏడాదే రాసిన ఉత్తరం ఉంది. మూడు రోజులు జరిగింది. మాసాసోయిట్ అనే వాంపనోగ్ నాయకుడు సుమారు తొంభై మందితో వచ్చాడు. వాళ్ళు అయిదు జింకల్ని వేటాడి తెచ్చారు. అప్పటికి మిగిలిన ఇంగ్లీషువాళ్ళు యాభై మంది మాత్రమే. అంటే పంక్తిలో ఎక్కువమంది స్థానికులే. ఆ విందుకు థాంక్స్‌గివింగ్ అనే పేరు ఆ ఉత్తరంలో లేదు. అలెగ్జాండర్ యంగ్ అనే ఆయన 1841 లో పాత కాగితాలు అచ్చు వేస్తూ, ఇదే మొదటి థాంక్స్‌గివింగ్ అని కింద ఒక వివరణ రాశాడు. పేరు 220 ఏళ్ళ తర్వాత వచ్చిందన్న మాట.

ఆ కథలో మొక్కజొన్న నేర్పిన మనిషి టిస్‌క్వాంటమ్. పిల్లల పుస్తకాల్లో అతను ఇంగ్లీషు తెలిసిన మంచి ఇండియన్. ఇంగ్లీషు ఎలా వచ్చింది? 1614 లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ అతన్ని, ఇంకొంత మందిని ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మకానికి పెట్టాడు. అక్కణ్ణుంచి ఎలాగో బయటపడి లండన్ చేరాడు. అక్కడ ఒక వర్తకుడి ఇంట్లో ఉన్నాడు. 1619 లో తిరిగి తన ఊరు పటుక్సెట్ వచ్చి చూస్తే మనుషులు లేరు. తెల్లవాళ్ళ ఓడలతో వచ్చిన అంటురోగానికి ఊరంతా తుడిచిపెట్టుకు పోయింది. ఆ ఖాళీ ఊరి స్థలంలోనే మరుసటి ఏడాది మేఫ్లవర్ జనం ప్లిమత్ కట్టుకున్నారు. వాళ్ళకు దున్నిన పొలాలు సిద్ధంగా దొరకడం దేవుడి దయ అనుకున్నారు. అది నిజానికి ఒక ఊరి శ్మశానం.

ఆ విందు జరిగిన యాభై నాలుగేళ్ళకు, 1675 లో, మాసాసోయిట్ కొడుకు మెటాకమ్‌కూ తెల్లవాళ్ళకూ యుద్ధం వచ్చింది. మరుసటి ఏడాది అతన్ని చంపి తలను ప్లిమత్‌లో గుంజకు తగిలించారు. ఇరవై ఏళ్ళకు పైగా అది అక్కడే ఉంది. ఆ యుద్ధంలో తమది పైచేయి అవుతున్నందుకు 1676 జూన్‌లో మసాచుసెట్స్ పాలకులు ఒక కృతజ్ఞతా దినం ప్రకటించారు. తండ్రితో కలిసి తిన్నవాళ్ళు, వాళ్ళ బిడ్డలు, కొడుకు విషయంలో చేసిన పని ఇది! వాంపనోగ్ వారసులు 1970 నుంచి ఏటా అదే గురువారం ప్లిమత్‌లో సంతాప దినం జరుపుకుంటున్నారు.

పండగ తేదీల వెనక

ఇప్పుడున్న పండగకు అసలు కర్త ఒక పత్రికా సంపాదకురాలు, సారా జోసెఫా హేల్. మన పిల్లలు ఎల్.కె.జి. లో వల్లెవేసే మేరీ గొర్రెపిల్ల పద్యం ఈమె రాసిందే. ఆమె ఏళ్ళ తరబడి అధ్యక్షులకు ఉత్తరాలు రాసి, దేశమంతటికీ ఒకే రోజున పండగ కావాలని పట్టుబట్టింది. చివరికి 1863 అక్టోబరులో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ నవంబరు ఆఖరి గురువారాన్ని ప్రకటించాడు. దేశం రెండుగా చీలిన సమయంలో అందరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టే పండగ ఆయనకు అవసరమైంది.

1939 లో ఆఖరి గురువారం నవంబరు 30 న వచ్చింది. క్రిస్మస్ అమ్మకాలకు రోజులు తగ్గిపోతున్నాయని వర్తకులు మొర పెట్టుకున్నారు. రూజ్‌వెల్ట్ పండగను వారం ముందుకు జరిపాడు. సుమారు సగం రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. మిగతావి ఒప్పుకోలేదు. రెండేళ్ళు ఆ గందరగోళం నడిచాక 1941 డిసెంబరులో చట్టం చేసి నాలుగో గురువారంగా స్థిరపరిచారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. మార్చి 31 కోసం ఖర్చులు ముందుకూ వెనక్కూ జరగడం చూశాను. పండగ తేదీ కూడా అలా జరుగుతుందని తెలిసి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

క్రిస్మస్ సంగతి ఇంకా విచిత్రం. ఏసు పుట్టిన తేదీ బైబిల్‌లో లేదు. డిసెంబరు 25 అనే తేదీ నాలుగో శతాబ్దపు రోమ్ పట్టికలో మొదటిసారి కనిపిస్తుంది. రోమన్ల పాత లెక్కలో అది ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజు. సూర్యుడి పండగ మీద ఈ పండగను పెట్టారని కొందరంటారు. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్క కట్టారని మరికొందరంటారు. ఎలా వచ్చినా, దాన్ని క్రైస్తవులే ఒకప్పుడు నిషేధించారు. ప్లిమత్ వాళ్ళ సాటి ప్యూరిటన్లే 1659 లో మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరిపితే అయిదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేశారు. 1681 దాకా అది అమల్లో ఉంది. బైబిల్‌లో లేని పండగ ఎందుకన్నది వాళ్ళ వాదన. ఆ ఒక్క ప్రశ్న వరకు వాళ్ళు హేతువాదులే!

మన సంక్రాంతిని కూడా ఇదే తూకంలో వెయ్యాలి. సంక్రాంతితో ఉత్తరాయణం మొదలవుతుందని అంటాం. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం పండగ చేసుకునేది జనవరి 14, 15 న. తేడా సుమారు 24 రోజులు. మన పంచాంగం నక్షత్రాలను బట్టి ఏడాదిని లెక్కిస్తుంది. ఋతువులు నడిచేది సూర్యుణ్ణి బట్టి. ఈ రెండు ఏడాదులకీ తేడా ఇరవై నిమిషాలు. సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు అవుతుంది. 24 ని 70 తో హెచ్చవేస్తే 1680. అంటే దాదాపు 1700 ఏళ్ళ కిందట సంక్రాంతి, ఉత్తరాయణం ఒకే రోజు వచ్చేవి. అప్పటి నుంచి లెక్క సరిచెయ్యలేదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952 లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ తప్పును ఎత్తి చూపింది. 1957 మార్చి 22 న జాతీయ క్యాలెండర్ వచ్చింది. ప్రభుత్వ గెజెట్‌లో అది ఉంది, మన గోడ మీద లేదు.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, డిసెంబరు 25 కూ జనవరి 14 కూ మూలం ఒకే ఆకాశంలో కనబడుతుంది. పగళ్ళు మళ్ళీ పెరగడం మొదలైన రోజును రోమన్లు ఒక తేదీకి కట్టేశారు, మనవాళ్ళు ఒక రాశికి కట్టేశారు. రెండూ అసలు రోజు నుంచి జారిపోయాయి. అమెరికాలో క్రిస్మస్ భోజనానికి వెళ్ళిన తెలుగు విద్యార్థి, మన మతానికి దూరమయ్యానని బాధపడనక్కర లేదు. ఆకాశం లెక్కన చూస్తే అసలు ఉత్తరాయణానికి సంక్రాంతి కన్నా క్రిస్మసే దగ్గర.

కృతజ్ఞత ఎవరికి?

మా అమ్మాయి అక్కడ ఎం.ఎస్. చదివే రోజుల్లో ఒక వృద్ధ దంపతుల ఇంటికి థాంక్స్‌గివింగ్‌కు వెళ్ళింది. తను మాంసం తినదని తెలిసి ఆ ఇంటావిడ విడిగా చిలగడదుంపల కూర, గుమ్మడికాయ వంటకం చేసిందట. భోజనానికి ముందు ఇంటాయన ప్రార్థన చేశాడు. తర్వాత బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కళ్ళూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞులో చెప్పాలి. అందరూ దేవుడికి చెప్పుకుంటూ వస్తున్నారు. మా అమ్మాయి వంతు వచ్చింది. పొద్దున్న అయిదింటి నుంచి వంటగదిలో నిలబడిన ఆవిడకు, ఈ దుంపలు తవ్విన కూలీలకు నా కృతజ్ఞతలు అందిట. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఆవిడ లేచి వచ్చి భుజం తట్టిందట.

మా అమ్మాయికి తెలియకపోయినా, ఈ మాటకు అక్కడ పాత వంశమే ఉంది. రాబర్ట్ ఇంగర్‌సాల్ 1897 లో థాంక్స్‌గివింగ్ మీద ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. మనిషి బతుకు బాగుపడినందుకు ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలి అని ప్రశ్న వేసుకుని, శాస్త్రజ్ఞులకూ, పనిముట్లు కనిపెట్టినవాళ్ళకూ, ఆలోచించినందుకు హింస పడ్డవాళ్ళకూ చెప్పాడు. నాస్తికుడు పండగ బల్ల దగ్గర కూర్చోవచ్చా అని మన మిత్రులు అడుగుతుంటారు. నిక్షేపంగా కూర్చోవచ్చు. నోటి దగ్గరికి వచ్చిన ముద్ద ఎవరి చేతుల మీదుగా వచ్చిందో గుర్తుంచుకుంటే చాలు.

ఒక గుడ్ మార్నింగ్

ఇక విద్యార్థుల్ని ఇంటికి పిలిచే ఆచారం ఎక్కడ మొదలైందో చూద్దాం. 1909 లో న్యూయార్క్‌లో హారీ ఎడ్మండ్స్ అనే వై.ఎం.సి.ఎ. ఉద్యోగి కొలంబియా విశ్వవిద్యాలయం లైబ్రరీ మెట్ల మీద ఎదురైన ఒక చైనా విద్యార్థికి గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఆ అబ్బాయి ఆగి, నేను ఈ ఊరు వచ్చి మూడు వారాలైంది, నాతో మాట్లాడినవాళ్ళలో మీరే మొదటివారు అన్నాడు. ఎడ్మండ్స్‌కు ఆ మాట మనసులో నాటుకుంది. భార్యతో చెప్పాడు. ఇద్దరూ కలిసి విదేశీ విద్యార్థుల్ని ఇంటికి ఆదివారం భోజనాలకు పిలవడం మొదలుపెట్టారు. 1911 లో వై.ఎం.సి.ఎ. ప్రోద్బలంతోనే విదేశీ విద్యార్థుల స్నేహ సంబంధాల సంఘం ఒకటి ఏర్పడింది. వీళ్ళలో మత ప్రచార ఉద్దేశం ఉన్నవాళ్ళు లేకపోలేదు. ఆ మాటా చెప్పుకోవాలి.

ఎడ్మండ్స్ ఆదివారం భోజనాలతో ఆగలేదు. రాక్‌ఫెల్లర్ డబ్బుతో 1924 లో న్యూయార్క్‌లో ఇంటర్నేషనల్ హౌస్ తెరిచాడు. అన్ని దేశాల విద్యార్థులూ, అమెరికన్లతో సహా, ఒకే కప్పు కింద ఉండి ఒకే భోజనశాలలో తింటారు. 1930 లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రెండోది కట్టాడు. అప్పుడు చూడాలి గొడవ! ఆదివారం పూట ఒక చైనా అబ్బాయికో, ఒక ఇండియన్‌కో భోజనం పెట్టడానికి అభ్యంతరం లేని పెద్దమనుషులు, రంగుల తేడా లేకుండా అందరూ తమ వీధిలో కలిసి కాపురముంటారంటే సభలు పెట్టి వ్యతిరేకించారు. ఆయన కావాలనే ఆ వీధిని ఎంచుకున్నాడు.

పిలిచి పెట్టడం వేరు, కలిసి ఉండటం వేరు అన్నమాట.

తలపాగా మహిమ

ఇదే తేడాను ఒక నల్లజాతి పాస్టర్ ఎంత చక్కగా బయటపెట్టాడో వినండి. ఆయన పేరు జెస్సీ రౌటే. న్యూయార్క్‌లో లూథరన్ చర్చి పాస్టరు. 1943 లో దక్షిణాదిన అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరానికి మామూలు దుస్తుల్లో వెళ్తే నల్లవాడని అవమానాలు పడ్డాడు. 1947 లో మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఊదారంగు తలపాగా, జరీ అంగీ. మాట తీరు కూడా విదేశీయుడిలా మార్చాడు. అంతే! తెల్లవాళ్ళ హోటల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టారు. ఎవరో దూరదేశపు ప్రముఖుడనుకుని మర్యాదలు చేశారు. మనిషి మారలేదు, ఒంటి రంగు మారలేదు. సొంత దేశం మనిషి అనుకున్నంతసేపూ అంటరానివాడు. పరదేశి అనుకోగానే అతిథి.

తలపాగా అన్నిచోట్లా పనిచేసిందని కాదు. మన రామ్ మనోహర్ లోహియా 1964 మే నెలలో మిసిసిపీలోని జాక్సన్‌లో, పంచె కట్టుతో, తెల్లవాళ్ళకే పరిమితమైన ఒక భోజనశాలకు వెళ్ళి అరెస్టయ్యాడు. ఆయన ఆ సంగతి తెలిసే వెళ్ళాడు. అతిథి మర్యాద తనకొక్కడికే దొరికితే దాన్ని తీసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ తర్వాత అయిదు వారాలకే, జూలై 2 న, ఇలాంటి విభజనను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చింది.

మరి మన ఇంట్లో?

అమెరికావాళ్ళను ఇంతసేపు తప్పుపట్టాక మన గుమ్మం వైపు చూడకపోతే న్యాయం కాదు.

నేను ఇప్పుడుంటున్న ఏంబలం పుదుచ్చేరి పట్నానికి పడమటి వైపు పల్లె ప్రాంతం. చుట్టూ వరి పొలాలు. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో తెలుగు మాట్లాడే రెడ్డియార్లు, నాయుళ్ళు ఉన్నారు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. భోగి, పొంగల్, మాట్టు పొంగల్, కాణుం పొంగల్ అని నాలుగు రోజులు పండగ. పుదుచ్చేరిలో విదేశీ విద్యార్థులకు కొదవ లేదు. 1955 నుంచి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1985 లో కేంద్ర విశ్వవిద్యాలయం వచ్చింది. పొంగల్ నాటికి ఈ పిల్లలు పల్లెలకు వస్తారు. మనవాళ్ళు ఎంత ఆదరంగా చూస్తారో చెప్పనక్కర లేదు. చీర కట్టబెడతారు, ముగ్గు వేయిస్తారు, పాలు పొంగగానే పొంగలో పొంగల్ అని అరిపిస్తారు. నట్టింట అరిటాకు వేసి కొసరి కొసరి వడ్డిస్తారు. ఆ అమ్మాయిది ఏ మతమో, ఏ మాంసం తింటుందో ఎవరూ అడగరు. చాలా మంచి పని.

అలా దగ్గర్లోని ఒక ఊరికి వెళ్ళొచ్చిన ఒక ఫ్రెంచి విద్యార్థిని తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగింది. మాట్టు పొంగల్ రోజున ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, దండలు కట్టిన మనిషి పెరట్లో చావడి వెనక కూర్చుని తిన్నాడు. ఎద్దుల్ని మాత్రం వీధి గుమ్మం దాకా తెచ్చి హారతి ఇచ్చారు. ఆయన మాతో ఎందుకు తినలేదు అని అడిగితే, అతనికి అదే అలవాటు అన్నారు ఇంటివాళ్ళు. ఎవరి అలవాటు అది? ఇదీ ఆమె ప్రశ్న. ఊరి పేరు అనవసరం. తెలుగుదేశంలో కనుమ నాడు కూడా ఇదే దృశ్యం నా చిన్నతనంలో చాలా ఇళ్ళలో ఉండేది.

ఆ అమ్మాయికి నేను అంబేద్కర్ కథ చెప్పాను. ఆయన 1913 నుంచి 1916 వరకు కొలంబియాలో చదివారు. ఎడ్మండ్స్ ఆదివారం భోజనాలు పెడుతున్న కాలం, ఆ చోటే. విదేశాల్లో గడిపిన ఆ ఏళ్ళలో తాను అంటరానివాణ్ణన్న స్పృహే పోయిందని ఆయన తర్వాత రాసుకున్నారు. 1917 లో ఉద్యోగానికి బరోడా వచ్చారు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో శిక్షణ. ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పి చేరారు. పదకొండు రోజులకు కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి ఖాళీ చేయించింది. ఇద్దరు స్నేహితుల్ని ఆశ్రయం అడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. పార్కులో కూర్చుని ఏడ్చి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. పరాయి దేశంలో ఆయన విద్యార్థి. సొంత దేశంలో పేరు దాచుకుంటే తప్ప చోటు లేని మనిషి. రౌటే తలపాగాకూ, బరోడా పార్సీ పేరుకూ తేడా ఏముంది?

సహపంక్తి

దీనికి విరుగుడు వెతికినవాళ్ళు మనలో లేకపోలేదు. 1917 లోనే, బరోడా సంఘటన జరిగిన ఏడాదే, కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ అన్ని కులాలవాళ్ళకూ కలిపి మిశ్రభోజనం పెట్టాడు. పులయ అయ్యప్పన్ అని ఆయన్ని ఎగతాళి చేశారు. ఆయన ఆ పేరును సంతోషంగా తీసుకున్నాడు. మన తెలుగునాట గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, నాస్తికత్వం వల్ల 1933 లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940 లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947 లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. గోరా చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా నచ్చేది పౌర్ణమి నాటి సహపంక్తి భోజనాలు. వెన్నెట్లో, ఆరుబయట, అన్ని కులాలవాళ్ళూ ఒకే వరసలో కూర్చుని తినేవాళ్ళు. పౌర్ణమి ఏ మతం సొత్తూ కాదు. దీపం ఖర్చు కూడా లేదు!

ఎడ్మండ్స్ ఆదివారం భోజనానికీ, ఈ పౌర్ణమి భోజనానికీ ఉన్న తేడా గమనించండి. మొదటి దాంట్లో ఒక ఇంటాయన ఉంటాడు, ఒక అతిథి ఉంటాడు. ఎంత ప్రేమగా పెట్టినా పెట్టేవాడి చెయ్యి పైన, తినేవాడి చెయ్యి కింద. రెండో దాంట్లో ఇంటాయన లేడు. ఎడ్మండ్స్ కూడా చివరికి ఇంటర్నేషనల్ హౌస్ కట్టింది ఇందుకే అనిపిస్తుంది. ఆ భోజనశాలలో ఎవరూ ఎవరికీ అతిథి కాదు.

వచ్చే పొంగల్‌కో, సంక్రాంతికో మీ ఇంటికి ఒక విదేశీ విద్యార్థి వస్తే తప్పకుండా పిలవండి. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు, వాళ్ళకు ఆ ఒక్క పూట ఎంత విలువైనదో ఇల్లు వదిలి వెళ్ళిన మన పిల్లల్ని అడిగితే చెబుతారు. అదే వరసలో, అదే నట్టింట, ఆ పంట కోసినవాళ్ళకూ ఆకు వెయ్యండి. అక్కడితో కూడా లెక్క సరిపోదు. లెక్కల పుస్తకంలో రెండు వైపులా పద్దు పడాలి. వాళ్ళు తమ ఇంటికి పండగకు పిలిస్తే మీరు వెళ్ళాలి, వాళ్ళ వంటింట్లో వండింది తినాలి. విదేశీ విద్యార్థి మిమ్మల్ని ఎప్పుడూ తిరిగి పిలవడు, కాబట్టి ఈ రెండో పద్దు అతనితో రాయాల్సిన అవసరం రాదు. పక్క వీధివాళ్ళతో ఏటా వస్తుంది. మీ పుస్తకంలో ఆ పేజీ ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో ఒకసారి తీసి చూసుకోండి.